కోత ఎగువన, మేట దిగువన: గోదావరి మలచిన నేల

భూగర్భంలోని శక్తులు నేలను పైకెత్తుతాయి, అగ్నిపర్వతాలు లావాను పొరలు పొరలుగా పరుస్తాయి. అలా పుట్టిన నేలకు ఆ తర్వాత రూపురేఖలు దిద్దేవి ప్రధానంగా నీరు, గాలి, మంచు, సముద్రపు అలలు. రాతినీ మట్టినీ అరగదీసి తరలించుకుపోవడాన్ని భూగోళ శాస్త్రం క్రమక్షయం అంటుంది, అలా తరలిన పదార్థాన్ని వేరొకచోట దింపడాన్ని నిక్షేపణ అంటుంది; నదీతీర గ్రామాల్లో ఈ రెంటినీ కోత, మేట అనే అంటారు. పాఠ్యపుస్తకాలు లోయలను మొదటిదాని కింద, డెల్టాలను రెండోదాని కింద విడదీసి చెప్పినా, ప్రకృతిలో ఆ విభజన కనిపించదు. ఎక్కడ మేట వేసిందంటే దానికి పైన ఎక్కడో కోత పడిందన్నమాటే, ఎగువన కోసిన దాని ప్రయాణం ఆగిపోతే దిగువన మేట కూడా ఆగిపోతుంది. ఈ సంబంధం ఎంత గట్టిదో తెలుసుకోవడానికి తెలుగు నేలలో గోదావరిని మించిన ఉదాహరణ దొరకదు.

మహారాష్ట్రలో నాసిక్ సమీపంలోని త్ర్యంబకం వద్ద, సముద్రమట్టానికి 1,067 మీటర్ల ఎత్తున పుట్టే గోదావరికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉండడం వల్ల అది 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం, అంటే ఏ నేల మీద కురిసిన వాన చివరకు ఆ నదిలోకి చేరుతుందో ఆ నేలంతా కలిపి, సుమారు 3 లక్షల 13 వేల చదరపు కిలోమీటర్లు. భారతదేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు. ఈ ప్రాంతంలో పడమటి భాగమంతా సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్ట్ రాయి. ఆ లావా ప్రవాహాల్లో కొన్ని ఆనాటి నదీలోయలను పట్టుకుని తూర్పు తీరం దాకా వచ్చాయని, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో క్వారీలలో నేడు తవ్వుతున్న నల్లరాయి ఆ ప్రవాహాల శేషమేనని రసాయనిక పరీక్షలు, వయో నిర్ణయ పరీక్షలు సూచిస్తున్నాయి. నది తవ్విన దారినే నిప్పు కూడా నడిచిందన్న ఈ సంగతి, లోయలు ఎంత పురాతనమైనవో చెప్పడానికి చాలు.

నది రాతిని నేరుగా కోయడం తక్కువ. కోతకు ముందు రాయి మెత్తబడాలి, ఆ మెత్తబడడాన్నే శైథిల్యం అంటారు. పగటి ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి సంకోచించే రాతిలో పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలోకి దిగిన వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది, చెట్ల వేళ్లు మిగిలిన పని చేస్తాయి. బసాల్ట్‌లోని ఖనిజాలు ఈ ఆమ్లానికి త్వరగా లొంగుతాయి. అవి మారి ఏర్పడిన బంకమట్టే నల్లరేగడి. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు బెత్తెడేసి నెర్రెలు విచ్చే ఈ నేల మీద తొలకరి జల్లులు పడే వేళకు పైరు ఉండదు, గడ్డి ఉండదు; నెర్రెల అంచులు విరిగి, వదులైన మట్టి వాగుల్లోకి జారి, వాగుల నుంచి ప్రవర, పూర్ణ, మంజీర వంటి ఉపనదుల్లోకి, అక్కడి నుంచి గోదావరిలోకి చేరుతుంది. వరద మొదట్లో వచ్చే నీటిని గోదావరి జిల్లాల వారు ఎర్రనీరు అంటారు. ఎర్రనీరు తగలగానే పులస చేప ఎదురెక్కుతుందని జాలర్లు వలలు సిద్ధం చేసుకుంటారు. ఆ రంగు ఎగువ పొలాల నుంచి, అడవుల నుంచి కొట్టుకొచ్చిన మట్టిదే.

నది తన బరువును మూడు విధాలుగా మోస్తుంది. లవణాల వంటివి నీటిలో కరిగి కంటికి కనిపించకుండా పోతాయి, బంకమట్టి, సన్నని ఒండ్రు నీటిలో తేలుతూ సుడులు తిరుగుతూ పోతాయి, ముతక ఇసుక, గులకరాళ్లు అడుగున దొర్లుతూ, గెంతుతూ పోతాయి. వీటిలో ఏది ఎక్కడ దిగుతుందో నిర్ణయించేది రేణువు పరిమాణానికీ ప్రవాహ వేగానికీ మధ్య ఉన్న పోటీ. నిశ్చలమైన నీటిలో ఒక మిల్లీమీటరు మందం గల ఇసుక రేణువు మీటరు లోతుకు పది సెకన్ల లోపే దిగిపోతుంది. మిల్లీమీటరులో నూరో వంతు ఉండే ఒండ్రు రేణువుకు అదే మీటరు దిగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. వెయ్యో వంతు ఉండే బంకమట్టి రేణువుకైతే దాదాపు రెండు వారాలు కావాలి. సన్నని రేణువుల విషయంలో పరిమాణం పదో వంతుకు తగ్గితే దిగే వేగం నూరో వంతుకు తగ్గుతుందన్న భౌతిక సూత్రమే ఈ తేడాకు మూలం. అందువల్ల ప్రవాహం కాస్త నెమ్మదించిన చోటనే ముతక ఇసుక ఆగిపోతుంది, బంకమట్టి మాత్రం నీరు దాదాపు నిలిచిపోయే చోటు దొరికేదాకా పోతూనే ఉంటుంది. వందల కిలోమీటర్ల పొడవున నది ఒక జల్లెడలా పనిచేసి, కలగాపులగంగా అందిన పదార్థాన్ని రకాలుగా వేరుచేస్తుంది.

కోత విషయంలో ఇదే తర్కాన్ని తిరగేసి చెప్పబోతే తప్పవుతుంది. పెద్ద రాళ్లను కదిలించడానికి ఎక్కువ వేగం కావాలి, అది అందరూ ఊహించేదే. అయితే అతి సన్నని బంకమట్టిని అడుగు నుంచి లేపడానికి కూడా ఎక్కువ వేగమే కావాలి. బంకమట్టి రేణువులు బల్లపరుపు రేకుల్లాంటివి, అడుగున మేటగా దిగాక ఒకదాన్నొకటి గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నిటికన్నా సులువుగా కొట్టుకుపోయేది సన్న ఇసుక. దానికి బరువూ తక్కువ, అతుకూ లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నది నడుమ మేటతో ఏర్పడే లంక భూములు ఎందుకు కూలుతాయో తేలిగ్గా అర్థమవుతుంది.

తెలంగాణలోకి వచ్చాక గోదావరి, ముఖ్యంగా ప్రాణహిత కలిసిన దగ్గర నుంచి, భూమి పొర చీలి కుంగిపోగా ఏర్పడిన అతి ప్రాచీనమైన లోయ గుండా ప్రవహిస్తుంది. కోట్ల ఏళ్ల క్రితం, హిమాలయాలు ఇంకా పుట్టని కాలంలో, ఆనాటి నదులు ఈ కుంగిన లోయను ఇసుకతో, బురదతో, అడవుల శిథిలాలతో నింపాయి. ఆ ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది, ఆ అడవులు సింగరేణి బొగ్గు అయ్యాయి. ఆ తర్వాతి కాలపు పొరల్లో దొరికిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. ఒకనాటి మేటను నేటి గోదావరి మళ్లీ కోస్తోంది. కోనసీమలో ఒక ఇసుక రేణువును చేతిలోకి తీసుకుంటే, అది ఇప్పటికే ఒకసారి కొండ మీద నుంచి కొట్టుకొచ్చి, భూమిలో పూడి, రాయిగా మారి, మళ్లీ విడివడి రెండోసారి ప్రయాణం చేసి వచ్చినదే అయి ఉండవచ్చు.

భద్రాచలం దాటాక నదికి తూర్పు కనుమలు అడ్డం వస్తాయి. పాపికొండల వద్ద రాయి ప్రధానంగా ఖోండలైట్, అంటే భూగర్భంలో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మార్చుకున్న గట్టి రాయి. గోమేదికపు జాతికి చెందిన ఎర్రని గార్నెట్ స్ఫటికాలు అందులో గింజల్లా పొదిగి ఉంటాయి. పక్కలకు కోసుకుపోవడానికి ఈ రాయి అవకాశం ఇవ్వదు కనుక, ఎగువన కిలోమీటర్ల వెడల్పున వచ్చిన నది ఇక్కడ కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఒక క్షణంలో వచ్చిన నీరంతా ఆ క్షణంలోనే దాటిపోవాలి. వెడల్పు తగ్గితే ఆ మేరకు లోతయినా పెరగాలి, వేగమైనా పెరగాలి, పాపికొండల్లో రెండూ పెరుగుతాయి. అందుకే ఆ ఇరుకులో నది అడుగును లోతుగా తవ్వుకుంది, ఇసుకను నిలవనివ్వలేదు. పోలవరం దగ్గర కొండలు విడిచిపెట్టగానే ఈ లెక్క తలకిందులవుతుంది. రాజమహేంద్రవరం వద్ద నది వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు, ధవళేశ్వరం వద్ద లంకలతో కలిపి చూస్తే అంతకన్నా ఎక్కువ. అకస్మాత్తుగా నెమ్మదించిన నీరు మోయలేని బరువును దారి మధ్యలోనే దింపుతుంది. లంకలు అలా పుట్టినవే.

లంక పుట్టుకలో మొదటి ఘట్టం నీటి అడుగున పడే ఇసుక తిన్నె. ఒక వరదకు పడిన తిన్నె వేసవిలో బయటపడితే దాని మీద రెల్లు మొలుస్తుంది. మరుసటి వరదకు రెల్లు దుబ్బుల మధ్య ప్రవాహం మరింత నెమ్మదించి, ఈసారి ఇసుక మీద సన్నని ఒండ్రు పొర దిగుతుంది. ఒండ్రు పడిన నేల మీద రెల్లు మరింత దట్టంగా పెరుగుతుంది. పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచేసరికి తిన్నె నేల అవుతుంది, నేల పొలం అవుతుంది. అరటి, కూరగాయలు, పేరుపొందిన లంక పొగాకు ఆ నేలలో పండుతాయి. ఎరువు వేయకుండానే పండే ఆ సారం అంతా ఎగువ నేలల నుంచి వచ్చినదే.

ఆ లంక గట్టు కోతకు గురై నిట్టనిలువుగా తెగినచోట దాని చరిత్ర అంతా పొరలు పొరలుగా బయటపడుతుంది. అడుగున ముతక ఇసుక, దాని మీద జానెడు మందాన సన్న ఇసుక, ఆపైన గోధుమ రంగు ఒండ్రు, మధ్య మధ్య వేలి మందాన నల్లని బంకమట్టి చారలు, అన్నిటికన్నా పైన అరటి వేళ్లు అల్లుకున్న దుక్కి మన్ను. ముతక పొర పెద్ద వరదకు గుర్తు, బంకమట్టి చార వరద తీసి నీరు నిలిచిన రోజులకు గుర్తు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు నది అడుగు పొరలోని ఇసుకను లాగేస్తుంది. పైనున్న బంకమట్టి అతుకు బలంతో కొంతసేపు చూరులా ముందుకు పొడుచుకుని నిలబడుతుంది. అసలు ప్రమాదం వరద తగ్గేటప్పుడు వస్తుంది. నది మట్టం దిగిపోయాక కూడా గట్టు లోపల ఇంకిన నీరు వెంటనే బయటికి రాలేదు. తడిసి బరువెక్కిన గట్టుకు అంతవరకు ఆసరాగా ఉన్న నదీజలాల ఒత్తిడి తొలగిపోతుంది. అంచుకు రెండు మూడు గజాల లోపలగా నేల మీద సన్నని చీలిక కనిపిస్తుంది, ఆ చీలిక వెంబడి కొబ్బరిచెట్టుతో సహా నేల పెళ్లగా విరిగి నీళ్లలో పడుతుంది. వరద తగ్గింది, ఇక భయం లేదనుకునే రోజుల్లోనే లంక రైతు ఎకరాలకు ఎకరాలు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. కూలిన ఆ మట్టి కొద్ది మైళ్ల దిగువన, నది వంపు లోపలి ఒడ్డున, వేరే ఊరి ఎదుట కొత్త తిన్నెగా లేస్తుంది. వంపు తిరిగే నదిలో వేగవంతమైన ప్రవాహం బయటి ఒడ్డుకు ఒరుసుకుని పోతుంది కనుక కోత అక్కడ పడుతుంది, నెమ్మదిగా సాగే లోపలి ఒడ్డున మేట పడుతుంది. ఈ రెండు పనులూ కలిసి నదిని ఏళ్ల తరబడి పక్కకు జరుపుతూ పోతాయి. మొత్తం నేల లెక్కలో తేడా రాకపోవచ్చు, కానీ పోయిన భూమి పట్టా ఉన్నవాడిది, వచ్చిన తిన్నెకు పట్టా లేదు.

ధవళేశ్వరం దగ్గర నది గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య, వాటికి అటూ ఇటూ పరుచుకున్న సుమారు 5,100 చదరపు కిలోమీటర్ల డెల్టాలో చాలా భాగం భూగోళ చరిత్రలో నిన్నమొన్నటిది. దాదాపు 20 వేల ఏళ్ల క్రితం, ధ్రువ ప్రాంతాల్లో మంచు గరిష్ఠంగా పేరుకున్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరుగుతూ సముద్రం పైకి వచ్చి, ఆరేడు వేల ఏళ్ల క్రితానికి ఇంచుమించు ఇప్పటి మట్టం దగ్గర నిలకడ పొందింది. ఆ నిలకడ దొరికాకే నది తెచ్చిన మట్టికి సముద్రాన్ని వెనక్కి నెట్టే అవకాశం కలిగింది. గోదావరి, కృష్ణా డెల్టాలు రెండు వైపుల నుంచి ముందుకు పెరుగుతూ వచ్చేసరికి వాటి మధ్య పల్లం వెనకబడి కొల్లేరుగా మిగిలింది. ఆ సరస్సుకు నేడు సముద్రం 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కోనసీమలో తీరానికి సమాంతరంగా వరుసలు వరుసలుగా కనిపించే ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులే. ఊళ్లు, కొబ్బరితోటలు ఆ మెరకల మీద, వరిచేలు వాటి నడుమ పల్లాల్లో ఉండడం యాదృచ్ఛికం కాదు. సముద్రం వెనక్కి తగ్గిన ప్రతి దశనూ ఊళ్ల అమరికలోనే చదువుకోవచ్చు.

నది సముద్రాన్ని కలిసేచోటును మొగ అంటారు. నదిలో విడివిడిగా తేలుతూ వచ్చిన బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అది వాటిని ఒకదానికొకటి దగ్గర కానివ్వదు. ఉప్పునీటిలోని లవణాలు ఆ ఆవేశాన్ని అణచివేయగానే రేణువులు గుంపులుగా అతుక్కుని, బరువెక్కి, వేగంగా అడుగుకు దిగుతాయి. మంచినీటిలో మీటరు దిగడానికి రెండు వారాలు పట్టే బంకమట్టి ఇక్కడ గంటల్లోనే దిగుతుంది. కోరంగి మడ అడవుల కింది బురద నేల ఇలా ఏర్పడినదే. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు ప్రాభవం కోల్పోవడానికి 1839 నాటి తుపానుతో పాటు ఈ పూడిక కూడా కారణం.

ఇసుక విషయం వేరు. దాన్ని అలలు అందుకుంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తూర్పు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి, ఇసుకను ఏటవాలుగా ఒడ్డు మీదికి తోసి, వెనక్కి మళ్లేటప్పుడు తిన్నగా కిందికి లాగుతాయి. రేణువు రంపపు పళ్ల గీతలా ముందుకు సాగుతూ ఏడాది మొత్తం మీద ఈశాన్య దిశగా తరలిపోతుంది. గౌతమి మొగ నుంచి ఇలా తరలిన ఇసుక గత రెండు శతాబ్దాలలో కాకినాడ అఖాతానికి అడ్డంగా 16 కిలోమీటర్లకు పైగా పొడవైన ఇసుక నాలుకను కట్టింది, దాని కొసనే హోప్ ఐలాండ్ అంటారు. బంగాళాఖాతపు అలల నుంచి కాకినాడ రేవును కాపాడుతున్న ఈ సహజమైన అడ్డుగోడను ఏ ఇంజనీరూ కట్టలేదు. అయితే ఆ నాలుక పట్టి ఉంచిన ఇసుక అంతా ఉత్తరానికి పోవలసినది కనుక, అక్కడి తీరానికి రావలసిన ఇసుక తగ్గింది. అలలు అక్కడి ఇసుకను ఎప్పటిలాగే తీసుకుపోతున్నాయి, బదులు రావడం లేదు. ఆ ఉత్తర తీరంలోని ఉప్పాడలో ఇళ్లు, గుడులు, రోడ్డు సముద్రంలో కలిసిపోతుండడానికి, ఒడ్డున వేసిన రాళ్ల గోడ తుపాను వచ్చిన ప్రతిసారీ చెదిరిపోతుండడానికి మూలం ఈ లోటులోనే ఉంది.

ఉప్పాడలో స్థానికంగా ఉన్న ఈ లోటు ఇప్పుడు డెల్టా ముఖమంతటికీ వ్యాపించింది. 1970వ దశకంలో గోదావరి డెల్టాకు ఏటా సుమారు 15 కోట్ల టన్నుల అవక్షేపం చేరేది. 1990ల నాటికి అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని, 1976 నుంచి 2001 వరకు పాతికేళ్లలో డెల్టా తీరం నికరంగా 1,800 హెక్టార్లకు పైగా భూమిని కోల్పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టా వెనక్కి మళ్లింది. రాకుండా పోయిన ఆ మట్టి ఎక్కడుందో వెతకనక్కర లేదు, అది జలాశయాల అడుగున ఉంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ తొలి సామర్థ్యం 29 టీఎంసీలకు పైగా ఉండగా, నాలుగు దశాబ్దాల్లో పూడిక వల్ల 12 టీఎంసీలకు దిగిపోయింది, ఆపైన కట్ట ఎత్తు పెంచవలసి వచ్చింది. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్‌లో 1994 సర్వే నాటికి మిగిలినవి సుమారు 90. పరుగున వచ్చిన నది జలాశయంలో నిలిచిపోగానే, పోలవరం దిగువన లంకలను కట్టిన అదే సూత్రం ప్రకారం, బరువునంతా అక్కడే దింపేస్తుంది.

ఒక చిన్న లెక్క ఈ వ్యవహారం తూకాన్ని తేటతెల్లం చేస్తుంది. 15 కోట్ల టన్నులను మొత్తం పరీవాహక ప్రాంతం మీద సమానంగా పంచితే ఎగువన ఏడాదికి అరిగే రాయి మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, ఒక తరం మనుషుల కంటికి అది ఆనదు. అదే మట్టిని డెల్టా మీద మాత్రమే సమానంగా పరిస్తే ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల మందం వస్తుంది. నిజానికి అదంతా డెల్టా మీద పడదు, చాలా భాగం సముద్రగర్భానికి జారిపోతుంది. పైగా 19వ శతాబ్దం నుంచి కట్టుకున్న ఏటిగట్లు వరదను పొలాల మీదికి రానివ్వవు కనుక ఒండ్రు కూడా రాదు. ఆ గట్లు లేకుంటే 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు డెల్టా ఏమై ఉండేదో ఊహించవచ్చు, వాటి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ కొత్తగా దిగిన ఒండ్రు తన బరువుకు తానే అణిగి కొద్దికొద్దిగా కుంగుతుంది, సముద్రమట్టం మరోవైపు పెరుగుతోంది. కుంగే నేల మీద కొత్త పొర పడకపోతే ఆ తేడాను పూడ్చేది మరేదీ లేదు.

జలాశయాలు లేకుండా సేద్యం లేదు, తాగునీరు లేదు, కాబట్టి పరిష్కారం వాటిని తీసేయడంలో లేదు. తొలి వరదలో నీరు అత్యంత చిక్కగా ఉండే రోజుల్లో అడుగు తూములు తెరిచి మట్టిని దిగువకు వదలడం, పూడిక తీసిన ఒండ్రును నదికి తిరిగి ఇవ్వడం ప్రపంచంలో పలుచోట్ల ఆచరణలో ఉన్న పద్ధతులే. డెల్టా పాయల్లో ఇసుక తవ్వకానికి అనుమతులిచ్చేటప్పుడు, ఆ ఇసుక తీరానికి చేరవలసినదన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి. నదీజలాల పంపకం గురించి దశాబ్దాలుగా జరుగుతున్న చర్చలన్నీ టీఎంసీల చుట్టూ తిరిగాయి. ఆ పట్టికల్లో మట్టికి కూడా ఒక వరుస కేటాయించమని రాష్ట్ర ప్రభుత్వాలను, నదీ యాజమాన్య సంస్థలను అడగవలసిన బాధ్యత ఎగువ రైతుకూ దిగువ రైతుకూ సమానంగా ఉంది.